కరణం లెక్కకు అందనివాళ్లు

1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీద పడింది. మామూలు పోటు మట్టం కన్నా 13 అడుగులు ఎత్తున నీళ్లు లేచాయనీ, కొన్నిచోట్ల 17 మైళ్లు లోపలికి వచ్చాయనీ, 30 వేల మంది పోయారనీ ఆనాటి రాతలు చెబుతాయి. ఈ మూడు అంకెల్లో మొదటి రెండింటినీ నేను మ్యాపు మీద పెట్టగలను. గోడ మీద నీటి చార ఎంత ఎత్తున నిలిచింది, కొట్టుకొచ్చిన పడవ ఏ ఊరి పొలంలో ఆగింది అన్నవి కొలతకు దొరికే సంగతులు. మూడో అంకె అలా దొరకదు. మద్రాసు ప్రెసిడెన్సీలో సక్రమమైన జనాభా లెక్కలు మొదలైంది 1871లో, అంటే ఉప్పెన వచ్చి ఏడేళ్లయ్యాక. అంతకుముందు ఏ పల్లెలో ఎందరున్నారో తెలిసిన మనిషి కరణం. ఆయన దస్త్రం నడిచింది ప్రధానంగా శిస్తు కోసం. భూమి ఎవరి పేరున ఉందో, ఎంత పండిందో, ఎంత కట్టాలో అందులో ఉంటుంది. సెంటు భూమి లేనివాడు ఆ దస్త్రంలో కనిపించే అవకాశం ఎంత?

మాది గుడివాడ. పత్రికలో చేరి ఎక్కువ కాలం కాలేదు. పట్టికలు, మ్యాపులు, ఫోటోలు, రికార్డు చేసిన గొంతులు కలిపి ఒకే కథగా తయారుచేయడం నా పని. ఇదంతా కొత్త విద్య అని మా ఇంట్లోవాళ్లు కూడా అనుకుంటారు. కంప్యూటరు కొత్తదే. కానీ అంకెలు ఎవరు పోగుచేశారు, ఎందుకు పోగుచేశారు, అందులో ఎవరు మిగిలిపోయారు అన్న ప్రశ్న ఈ కృష్ణా డెల్టాలో నూట అరవై ఏళ్ల నాటిది. దివిసీమ ఉప్పెనల మీద ఒక మ్యాపు కథ తయారుచేస్తున్నకొద్దీ నాకు ఆ ప్రశ్నే అసలు కథ అనిపిస్తోంది.

బందరుకు పత్రికల చరిత్ర తక్కువేమీ కాదు. కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు 1902లో ఇక్కడ కృష్ణాపత్రిక మొదలుపెట్టారు. దివి తాలూకా ముట్నూరులో పుట్టిన ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా దాన్ని నడిపారు. ఇదే ఊళ్లో వైద్యం చేసిన పట్టాభి సీతారామయ్య 1919లో జన్మభూమి అనే ఇంగ్లీషు వారపత్రిక తెచ్చారు, 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. ఈ మనుషులను మనం వాళ్ల ఆలోచనల కోసం, సంపాదకీయాల కోసం తలుచుకుంటాం. తలుచుకోవలసిందే. అయితే ఊరూరి లెక్క మాత్రం కలెక్టరు కచేరీలోనే ఉండిపోయింది. ఆ లెక్కను బయటికి తెచ్చి, దాని పక్కన మనిషి గొంతును నిలబెట్టే పని మా తరం చేయాలని నా పట్టుదల.

ఆ పనికి నేను ఎంచుకున్న రోజు 1977 నవంబరు 19, శనివారం. కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలై, మధ్యలో దివిని వదిలి సముద్రంలో కలుస్తుంది. ఆ రోజు సముద్రమే ఆ పాయల మధ్యకు వచ్చింది. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన నాగాయలంక, కోడూరు వైపు పల్లెలను ఊడ్చేసింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి పేర్లు అప్పటిదాకా బయటివాళ్లెవరికీ పెద్దగా తెలియవు. ఆ వారంలో దేశమంతా తెలిశాయి. అవనిగడ్డకు చెందిన మండలి వెంకటకృష్ణారావు ఆ బురదలోనే తిరుగుతూ సహాయం నడిపించారు. మదర్ థెరిసా వచ్చారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ కలిసి జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. ఇద్దరిదీ గుడివాడ చుట్టుపక్కలే, ఒకరిది నిమ్మకూరు, ఒకరిది రామాపురం. మా ఇళ్లలో ఈ సంగతి ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటారు.

చనిపోయినవాళ్లు సుమారు 10 వేలు అన్నది ప్రభుత్వ లెక్క. 50 వేల దాకా ఉంటారన్న అంచనాలూ ఉన్నాయి. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరం సామాన్యమైనది కాదు. మొదట్లో నేను ఏది నిజమో తేల్చాలనే చూశాను. తర్వాత నాకు పట్టుకోవలసింది ఆ దూరమే అనిపించింది. అంత తేడా ఎందుకు వచ్చిందో చెప్పగలిగితే ఆ కథకు విలువ ఉంటుంది.

నవంబరు మూడో వారం అంటే దివిలో వరి కోతకు వచ్చే కాలం. కోతల రోజుల్లో కూలీలు ఊళ్లు దాటి వచ్చి చావిళ్లలో, కళ్లాల్లో, గట్ల మీద పాకల్లో పడుకుంటారు. పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగితే తమ ఇంటివాళ్ల పేర్లు వరసగా చెబుతారు, వయసులతో సహా. కోతకొచ్చినవాళ్ల సంగతి అడిగితే ఎక్కడివాళ్లో ఏమో అంటారు. అలాగే కాలవగట్ల మీద, మడ అడవి అంచుల్లో పీతలు, చేపలు పట్టుకుని బతికే యానాదులు. గుడిసె కొట్టుకుపోతే అక్కడ ఒక గుడిసె ఉండేదని చూపే కాగితం ఏముంటుంది? పరిహారం అడగడానికి ఒక మనిషి మిగలాలి. ఇంటిల్లిపాదీ పోయినచోట అడిగేవాళ్లే లేరు. శవాలను గుర్తుపట్టే తీరిక కూడా లేదు, ఉన్నవాటిని ఉన్నచోటే దహనం చేశారు, పూడ్చారు. 1977లోనూ ఊరి లెక్క కరణం చేతిలోనే ఉంది. ఆ వ్యవస్థను 1984లో రద్దుచేసింది ఆనాడు జోలె పట్టిన ఎన్టీఆరే, అప్పటికి ముఖ్యమంత్రి.

అందుకే నా మ్యాపులో మరణాల సంఖ్యను ఒక్క ఎర్ర చుక్కగా పెట్టదలుచుకోలేదు. అడుగున కృష్ణ పాయలు, కరకట్ట, మడ అడవి. దాని మీద 1864 నీరు వచ్చిన మేర, ఆ పైన 1977 మేర. ఊరి పేరు మీద వేలు పెడితే ఆ ఊరి పెద్దల గొంతు వినబడుతుంది. ఒక్కో ఊరికి పట్టికలో రెండు గడులు: కాగితంలో ఉన్నవాళ్లు, జ్ఞాపకంలో మాత్రమే ఉన్నవాళ్లు. రెండో గడిలో చాలాచోట్ల అంకె రాయలేను. అక్కడ గొంతు పెడతాను. గొంతుకు అంకెంత విలువ ఉందని ఒప్పించడానికి డెస్కులో వాదించవలసి వస్తుంది. వాదిస్తాను. ఆ గొంతు తీసేస్తే రెండో గడి ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ గడిని చదివేవాళ్లు సున్నా అనుకుంటారు.

ఈ కథలో మరో తారీఖు ఉంది. దాన్ని జనం అంతగా తలుచుకోరు. 1990 మే 9న చాలా తీవ్రమైన తుపాను మళ్లీ కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి రాష్ట్రంలో మరణాలు 967. ఒక్క ప్రాణమైనా తక్కువేం కాదు, కానీ 1977 పక్కన పెట్టి చూడండి. పదమూడేళ్లలో తుపాను షెల్టర్లు కట్టారు. ఉపగ్రహం, రాడారు ముందే కబురు చెప్పాయి. గాలి మొదలవకముందే లక్షన్నర మందిని తీరం నుంచి లేపి తరలించారు. ఇంత మందిని బస్సులు, లారీలు ఎక్కించాలంటే ఏ పల్లెలో, ఏ గట్టు మీద ఎందరున్నారో ఎవరో ఒకరు వెళ్లి చూడాలి, పిలవాలి. షెల్టరులో చోటు ఇవ్వడానికి పట్టా అడగరు.

మ్యాపులో 1990ని ఎలా చూపాలన్నది ఇప్పుడు నా ముందున్న పని. నీళ్లు ఎంత దూరం వచ్చాయో గీత గీస్తే సరిపోదు. జనం ఏ ఊరి నుంచి బయలుదేరి ఎక్కడికి చేరారో బాణం గుర్తులుగా గీయాలి. ఆ ప్రయాణం చేసినవాళ్లు ఇంకా ఉన్నారు, యాభై దాటినవాళ్లు, అరవై దాటినవాళ్లు. కోడూరు వైపు నుంచి మొదలుపెడుతున్నాను.