పని, నైపుణ్యం, శిక్ష: పోర్ట్ బ్లెయిర్ ఖైదీల కాలనీ చెప్పే పాఠం

అభ్యాస ప్రశ్న: వృత్తులను పనులుగా, నైపుణ్యాలుగా విడదీసి చూడటం ఎవరికి మేలు చేస్తుంది? అండమాన్ చరిత్ర ఆధారంగా చర్చించండి.

ఉద్యోగ విశ్లేషణ అనగానే మనకు 1911లో వచ్చిన ఫ్రెడరిక్ టేలర్ పుస్తకం గుర్తొస్తుంది. అయితే నేను చదువుకుంటున్న తుష్నాబాద్ ఉన్న ఈ దక్షిణ అండమాన్‌లోనే, 1858లో మొదలైన పోర్ట్ బ్లెయిర్ ఖైదీల కాలనీ అంతకుముందే ఈ లెక్కలు వేసింది.

1. కాలం ప్రకారం విభజన
20వ శతాబ్దం తొలినాళ్ల నియమం ప్రకారం ఖైదీ మొదటి 6 నెలలు సెల్యులర్ జైల్లో ఒంటరిగా ఉండాలి. తర్వాత 18 నెలలు మరో జైల్లో అందరితో కలిసి పని. ఆపై 3 ఏళ్లు బ్యారక్‌లో ఉంటూ కూలి లేని చాకిరీ. మరో 5 ఏళ్లు కొద్దిపాటి భత్యం, చిన్న అజమాయిషీ పనులు. ఇలా 10 ఏళ్లు సత్ప్రవర్తనతో గడిపితే 'సెల్ఫ్ సపోర్టర్'గా సేద్యం చేసుకోవచ్చు, కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు.

2. నైపుణ్యం ప్రకారం విభజన
వడ్రంగం, తాపీపని, తాళ్లు పేనడం, తోళ్లు శుద్ధి చేయడం, పుస్తకాల బైండింగ్, లెక్కలు రాయడం, ఆఖరికి సముద్రపు ఆటుపోట్లు కొలవడం కూడా ఖైదీలే చేశారు. అవసరం పడినప్పుడు పాలకులకు చేతి పనితనం బాగానే కనబడింది.

3. శిక్షగా మారిన కొలత
అదే పాలన నూనె గానుగ దగ్గర రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయాలని లెక్క పెట్టింది. అంటే దాదాపు 13.6 కిలోలు. ఎద్దు చేసే పని మనిషికి అప్పగించారు. 1912లో ఇందుభూషణ్ రాయ్ జైల్లో ఉరివేసుకున్నాడు, ఉల్లాస్కర్ దత్ మతిస్థిమితం కోల్పోయాడు. టేలర్ కనీసం పనికి తగిన మనిషిని వెతికాడు, ఎక్కువ కూలి ఇప్పించాడు. ఇక్కడ కొలత ఉంది, పనివాడి మాటకు చోటు లేదు.

నేటి సందర్భం
జాతీయ వృత్తుల వర్గీకరణ 2015 ప్రతి వృత్తికీ 8 అంకెల కోడ్ ఇచ్చి, నైపుణ్య స్థాయినీ చూస్తుంది. ఇది మంచి అడుగే. కానీ మా నాన్న దరఖాస్తుల్లో వృత్తి అన్నచోట ఇప్పటికీ 'కూలీ' అనే రాస్తారు. ఏ వక్కగెల కోతకొచ్చిందో ఆయన కింద నిలబడే చెప్పగలరు. ఆ చూపు అబ్బడానికి ఎన్నేళ్లు పట్టిందో ఆ గడిలో పట్టదు.

ముగింపు
పనిని విడదీసి కొలవడం తప్పు కాదు. కొలిచేవాడు పనివాడిని అడిగాడా లేదా అన్నదే తేడా. అడిగితే అది గుర్తింపు అవుతుంది, అడగకపోతే గానుగ అవుతుంది.