నడిసంద్రంలో వానకు సాక్షి ఎవరు?

1997 నవంబర్‌లో జపాన్‌లోని తనేగషిమా దీవి నుంచి టీఆర్ఎంఎం అనే ఉపగ్రహం నింగికెగిరింది. ఉష్ణమండలపు వానను పైనుంచి కొలవడం దాని పని. వాన కొలిచే రాడార్‌ను అంతరిక్షంలోకి పంపడం అదే మొదలు. నాసా, జపాన్ అంతరిక్ష సంస్థ కలిసి చేపట్టిన ఈ పథకాన్ని శాస్త్రపరంగా ఏళ్ల తరబడి నడిపించింది జోఆన్ సింప్సన్. అమెరికాలో వాతావరణ శాస్త్రంలో డాక్టరేట్ అందుకున్న తొలి మహిళ ఆమే.

ఉపగ్రహం చినుకును పట్టి చూడదు. తిరిగొచ్చిన రాడార్ తరంగాన్నీ, కిందినుంచి వచ్చే మైక్రోవేవ్‌లనూ చూసి వాన ఎంతో లెక్కకడుతుంది. నేల మీద ఆ లెక్క తప్పితే సరిదిద్దడానికి ఊళ్లలో వర్షమాపకాలున్నాయి. ఉపగ్రహాల నెలవారీ లెక్కల్లో వాటి కొలతలను కలిపేస్తారు కూడా. సముద్రం మీద ఆ వీలు లేదు. మార్షల్ దీవుల్లోని క్వాజలీన్ లాంటి పగడపు దీవులు, పరికరాలు మోస్తూ లంగరేసి తేలే బోయ్‌లు, అంతే. అయితే బోయ్ కొలత ఉపగ్రహం లెక్కలో కలవదు కాబట్టే, దాని సాక్ష్యానికి విలువెక్కువ.

1982-83 ఎల్‌నినో చెప్పాపెట్టకుండా విరుచుకుపడ్డాక పసిఫిక్‌లో భూమధ్యరేఖ వెంబడి బోయ్‌లు నిలపడం మొదలైంది. టావో అనే ఆ వరుస 1994 చివరికి పూర్తయింది. 2004 నుంచి హిందూ మహాసముద్రంలో రామా వరుస వచ్చింది. అందులో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌కూ పాలుంది. బంగాళాఖాతంలో 90 డిగ్రీల తూర్పు రేఖ మీద కొన్ని బోయ్‌లున్నాయి.

బోయ్ మీది వర్షమాపకం ఒక నిలువు గొట్టం. మూతి వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు, అంటే అరచేతి వెడల్పు. 50 మిల్లీమీటర్ల నీరు నిండగానే సైఫన్ లాగేసి దానంతటదే ఖాళీ అవుతుంది. ఆ కాసేపట్లో పడిన వాన లెక్కకు దొరకదు. అంతకంటే పెద్ద దొంగ గాలి. సెకనుకు 5 మీటర్ల గాలికి పదోవంతు, 10 మీటర్లకు దాదాపు సగం చినుకులు మూతి పక్కనుంచి ఎగిరిపోతాయి. తుపాను వానలో ఈ గొట్టాన్ని నమ్మడం కష్టమే!

పోలికలోనూ చిక్కుంది. టీఆర్ఎంఎం లెక్కల్లో వాన చూపే ఒక్కో గడి ఒక్కోవైపు సుమారు 25 కిలోమీటర్లు ఉండేది. గొట్టానిది అరచేయి. ఒకచోట దంచికొడుతుంటే మరోచోట ఎండ కాస్తుంది. అందుకే గంటల లెక్క పక్కనపెట్టి రోజుల, నెలల సగటు తీస్తారు. తేడా వస్తే ముందు ఉపగ్రహాన్ని తప్పుపట్టేవాళ్లున్నారు గానీ, సముద్రంలో మొదట అనుమానించాల్సింది గొట్టాన్నే అని నా అభిప్రాయం.

అమెరికా శాస్త్రజ్ఞుడు జెఫ్రీ నైస్టుయెన్ మరో దారి పట్టాడు. చిన్న చినుకు నీటిని తాకినప్పుడు లోపల బుడగ చిక్కుకుని మోగుతుంది. నీటి అడుగున మైకు పెట్టి ఆ మోత నుంచి వాన ఎంతో రాబట్టాడు. అక్కడ గాలి ఎత్తుకుపోవడానికి మూతి అంటూ లేదు. ఉపగ్రహం గడికి కాస్త దగ్గరయ్యేలా, చుట్టూ ఎంతో విస్తీర్ణంలో పడే వాననూ వినవచ్చు.

బోయ్‌లను కాపాడుకోవడమే అసలు కష్టం. వాటి నీడకు చేపలు చేరతాయి, చేపల కోసం పడవలొస్తాయి, తాళ్లు తెగుతాయి, పరికరాలు పోతాయి. 2012లో అమెరికా తన మరమ్మతు నౌకను విరమింపజేయడంతో 2014 మొదటికల్లా టావో నుంచి వచ్చే సమాచారం 40 శాతం దగ్గరికి పడిపోయింది. టీఆర్ఎంఎం వారసురాలు జీపీఎం 2014 ఫిబ్రవరిలో ఎగిరింది సరిగ్గా ఆ రోజుల్లోనే.