గుండె గుట్టు విప్పిన నెత్తురు

1985లో ఒక జిల్లా ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా చేరాను. ఛాతీ నొప్పితో అర్ధరాత్రి ఎవరొచ్చినా, ఈసీజీతో తేలకపోతే డాక్టరుగారు మావైపే చూసేవారు. మా చేతిలో ఉన్నది ఎస్‌జీఓటీ అనే ఎంజైము పరీక్ష ఒక్కటే. గుండె కండరం దెబ్బతింటే ఆ ఎంజైము రక్తంలో పెరుగుతుందని 1954లో న్యూయార్క్‌లో లాడ్యూ, రాబ్లెవ్‌స్కీ, కార్మెన్ చూపించారు.

సీరం తీసి, రసాయనం కలిపి, 37 డిగ్రీల నీటితొట్టెలో గంటసేపు ఉంచి, రంగు తేలాక కలరీమీటరులో చూసేవాళ్లం. బయట మనిషి మూలుగుతుంటే ఆ గంట కదిలేది కాదు. పైగా కాలేయం చెడినా అదే అంకె పెరిగేది. తర్వాత వచ్చిన సీకే-ఎంబీ అనే ఎంజైము పరీక్ష కొంత నయం.

అసలు మలుపు 1989లో వచ్చింది. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో హ్యూగో కాటుస్ బృందం గుండె కండరంలోని ట్రోపోనిన్-టీ అనే ప్రోటీన్‌ను రక్తంలో కొలిచే పరీక్షను ప్రకటించింది. 2000లో యూరప్, అమెరికా హృద్రోగ సంఘాలు గుండెపోటు నిర్వచనాన్నే ట్రోపోనిన్ ఆధారంగా తిరగరాశాయి. 2008లో నెదర్లాండ్స్ వైద్యులు ఛాతీ నొప్పితో వచ్చినవారి ముప్పును అంచనా వేసే హార్ట్ స్కోరు తెచ్చారు. అందులో చూసేవి ఐదు: రోగి చెప్పే తీరు, ఈసీజీ, వయసు, ముప్పు కారణాలు, ట్రోపోనిన్. ఒక్కోదానికి గరిష్ఠంగా 2 చొప్పున మొత్తం 10. మూడు దాటకపోతే ముప్పు తక్కువ.

అంటే నెత్తురు చెప్పేది ఐదింట ఒక్క మాటే. నొప్పి మొదలైన తొలి గంటల్లో ఆ మాట కూడా వినపడకపోవచ్చు. అందుకే డాక్టరు రెండోసారి రక్తం తీయాలంటే, దయచేసి ఇంటికి వెళ్లిపోకండి.