కారుకు ఇంజిన్ ఫ్లషింగ్ అవసరమా?

కారును సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు ఇంజిన్ ఫ్లషింగ్, ఇంజిన్ క్లీనింగ్ వంటి అదనపు సేవలను సూచించడం పరిపాటి. అయితే గడువు ప్రకారం ఆయిళ్లు మార్చడం వేరు, ఫ్లషింగ్ వేరు. మొదటిది తప్పనిసరి కాగా, రెండోది చాలా సందర్భాల్లో అనవసరం.

ఇంజిన్ ఆయిల్: లోపలి మడ్డిని శుభ్రపరిచే రసాయనాలు ఆయిల్‌లోనే ఉంటాయి. ఆయిల్, ఫిల్టర్ సకాలంలో మారుస్తుంటే ఫ్లషింగ్ అక్కర్లేదు. ఏళ్ల తరబడి పట్టించుకోని ఇంజిన్‌లోనైతే, ఫ్లషింగ్‌తో ఊడిన మడ్డి జల్లెడకు అడ్డుపడి ఆయిల్ సరఫరాను దెబ్బతీయవచ్చు.

బ్రేక్ ఆయిల్: ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-4 ప్రమాణం ప్రకారం దీని కనీస మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్. తేమ చేరాక 155 డిగ్రీలే. పాతబడిన ఆయిల్ ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు మరిగితే బ్రేకులు విఫలం కావచ్చు. అందుకే పలు తయారీ సంస్థలు రెండేళ్లకోసారి మార్చాలంటాయి.

కూలెంట్: యజమాని మాన్యువల్ నిర్దేశించిన రకాన్నే, చెప్పిన గడువులో మార్చాలి.

పైభాగం శుభ్రత: ఇంజిన్‌ను అధిక పీడనంతో నీళ్లు కొట్టి కడిగితే సెన్సర్లు, వైరింగ్‌లోకి తేమ చేరే ప్రమాదముంది.

మాన్యువల్‌లో లేని సేవను సూచిస్తే, అంగీకరించే ముందు ఏ లోపాన్ని సరిదిద్దేందుకో అడిగి తెలుసుకోవడం శ్రేయస్కరం.