కోరంగి నావలు చేరిన దీవిలో మూడేసి ఓట్లు

గౌతమీ ముఖద్వారమున, యానామునకు అల్లంత దూరమున నున్న కోరంగి నేడు మడ అడవులకు మాత్రమే పేరుపడినను, పందొమ్మిదవ శతాబ్దమున అది తెరచాపల నావలతో కళకళలాడిన రేవు. చెరకు తోటల పనికై ఒప్పందపు కూలీలుగా మారిషస్ దీవికి తరలిన తెలుగువారినందఱిని, ఏ జిల్లావారని విచారింపకయే, అచ్చటి జనులు కోరంగీలని పిలిచిరి. వారి మునిమనుమలు నేడు ఉగాదికి ప్రభుత్వపు సెలవును అనుభవించు పౌరులు. అయితే వారు ఓటు వేయు తీరు అమలాపురపు ఓటరుకు వింతగా తోచును.

1968 మార్చి 12న స్వతంత్రమైన ఆ దేశమున ప్రధాన ద్వీపమునకు 20 నియోజకవర్గములు, ఒక్కొక్కదానికి ముగ్గురేసి సభ్యులు, రోడ్రిగ్స్ దీవికి ఇద్దరు, వెరసి 62 మంది. ప్రధాన ద్వీపపు ఓటరు సరిగా ముగ్గురికి ఓటు వేయవలెను. ఒక్కరికో ఇద్దరికో వేసి ఊరకున్నచో ఆ చీటి చెల్లదు. గాలి ఒకవైపు వీచినచో ఇక చెప్పవలసినదేమి? 1982లోను, 1995లోను, మొన్న 2024లోను ఆ ద్వీపమందలి 60 స్థానములును ఒకే కూటమి పరమైనవి.

నవ్వుకొనుటకు ముందు మన గతమును తలచుకొనవలెను. 1952లో రాజమహేంద్రవరము ద్విసభ్య నియోజకవర్గము. కమ్యూనిస్టు కానేటి మోహనరావు, సోషలిస్టు నల్లా రెడ్డినాయుడు జంటగా లోకసభకేగిరి. ఓటరుకు రెండు ఓట్లు. రెండును ఒకరికే వేయరాదు. ఒకటి రిజర్వుడు స్థానము, రెండవది జనరల్ స్థానమని సామాన్యుడు భావించుచుండగా, 1957లో పార్వతీపురమున షెడ్యూల్డు తెగలవారగు బిడ్డిక సత్యనారాయణ, దిప్పల సూరిదొర ఇరువురును నెగ్గగా, అంతకుముందు కేంద్ర కార్మికమంత్రిగా పనిచేసిన వి.వి. గిరి ఓడిరి. గిరి న్యాయస్థానమునకేగిరి; 1959లో సుప్రీంకోర్టు సూరిదొర ఎన్నిక చెల్లునని తీర్పు చెప్పెను. రిజర్వుడు స్థానమునకు అర్హుడైనవాడు జనరల్ స్థానమునకు అనర్హుడు కాజాలడు గదా! 1961లో పార్లమెంటు ద్విసభ్య పద్ధతినే రద్దుచేయగా, 1962లో అమలాపురము షెడ్యూల్డు కులముల ఏకసభ్య స్థానముగా బి.ఎస్. మూర్తిని ఎన్నుకొనెను.

సముదాయములకు ప్రాతినిధ్యము కల్పించుటలో మారిషస్ మఱియొక త్రోవ త్రొక్కినది. ఓడిన అభ్యర్థులలో మిక్కిలి ఓట్లు వచ్చినవారినుండి, చాలినంత ప్రాతినిధ్యము దక్కని సముదాయముల లెక్క చూచి, 8 మంది వఱకు అదనముగా సభకు చేర్చుకొందురు. ఆ లెక్కకు ఆధారము 1972 నాటి జనాభా గణన. నాడు పుట్టినవారు నేడు తాతలైరి! ఓటమి పిదప సముదాయమును వెదకుటకన్న, పోటీకి ముందే స్థానమును కేటాయించి, ఆ అభ్యర్థి అగ్రహారమందును, పేటయందును, లంకలయందును సమముగా ఓటు అర్థింపవలసివచ్చునట్లు చేసిన మన యేర్పాటే మేలని నా మతము. అయినను ఆఱు దశాబ్దములకు మించి అమలాపురము వంటి ఒకే స్థానము రిజర్వుడుగా నిలుచుట ఉచితమా యను ప్రశ్నను త్రోసిపుచ్చజాలము.

ఎదుర్లంకకు చెందిన న్యాయవాది జి.ఎం.సి. బాలయోగి ఈ అమలాపురము స్థానమునుండియే గెలిచి, 1998 మార్చి 24న లోకసభాపతియైన తొలి దళితుడుగా పీఠమెక్కెను. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వము 269 ఓట్లకు 270 ఓట్లు ఎదురై కూలినప్పుడు, ఆ ఫలితమును సభకు ప్రకటించినవాడు అమలాపురపు సభ్యుడే.