ఈశ్వరచంద్ర విద్యాసాగరులు: పండితుని అధికారము

పాండిత్యము కలవారికి అధికారము లభించుట అరుదు. లభించిన అధికారమును లోకహితమునకై విడనాడగలుగుట మఱింత అరుదు. ఈశ్వరచంద్ర విద్యాసాగరులయందు ఈ రెండును కలవు.

వంగదేశమున మేదినీపుర మండలములోని వీరసింహ గ్రామమున 1820లో ఆయన పేద బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. కలకత్తా సంస్కృత కళాశాలలో వ్యాకరణము, అలంకారము, వేదాంతము, స్మృతి, న్యాయము అభ్యసించి విద్యాసాగర బిరుదమును పొందిరి. 1851లో ఆ కళాశాలకే ప్రిన్సిపాలు అయిరి. బ్రాహ్మణ, వైద్య కులముల బాలురకు మాత్రమే ప్రవేశమున్న ఆ కళాశాలను మొదట కాయస్థులకును, పిమ్మట తక్కిన హిందువులకును తెరపించిరి. సంస్కృత వ్యాకరణమును వంగభాషలో సులభముగ బోధించు పుస్తకమును రచించిరి.

1855లో ప్రభుత్వము వారిని నాలుగు మండలములకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగ కూడ నియమించెను. రెండు ఉద్యోగములకు కలిపి జీతము నెలకు 500 రూపాయలు. వారు ఊరూర తిరిగి 20 ఆదర్శ పాఠశాలలు నెలకొల్పిరి. ఆ సంవత్సరమే పసిపిల్లలకై ‘వర్ణపరిచయము’ అను వాచకమును వెలువరించిరి.

పిమ్మట బాలికల చదువునకు పూనుకొనిరి. 1857 నవంబరు మొదలు 1858 మే వఱకు హుగ్లీలో 20, వర్ధమానములో 11, మేదినీపురములో 3, నదియాలో 1, వెరసి 35 బాలికా పాఠశాలలు వెలసెను. సుమారు 1,300 మంది బాలికలు చేరిరి. గవర్నరుగారి మాటను నమ్మి చేసిన పని యిది. పై ప్రభుత్వము మాత్రము శాశ్వత ద్రవ్యసహాయమునకు సమ్మతింపలేదు. ఉపాధ్యాయుల జీతములు నిలిచిపోయెను.

పద్దులు వ్రాయువాడనగుటచే నాకీ ఘట్టము విశేషముగ తోచును. నోటిమాట ఉత్తరువు కాదు. మంజూరు లేనిదే ఖజానా తెరువబడదు. ఈ నియమమును నేను తప్పుపట్టను. కాని పని చేసిన ఉపాధ్యాయుని ఆకలి మంజూరుకై వేచియుండదు గదా! పై అధికారితో అభిప్రాయభేదములును ముదిరి, 1858లో విద్యాసాగరులు రెండు ఉద్యోగములకును రాజీనామా చేసిరి. ఉద్యోగమును వదలిరి గాని బాలికలను వదలలేదు. నిధి నేర్పఱచి, చందాలు కూర్చి, తమ సొమ్మును చేర్చి, ఆ పాఠశాలలలో కొన్నింటిని నిలిపిరి.

మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించిరి. వారిని దక్షిణదేశ విద్యాసాగరులని లోకము కొనియాడినది.

చదువరులారా! సర్కారు ధనము రానిచోట విద్యను బ్రతికించునది ప్రజల చందాయే. ఇరువదియైదేండ్లుగ మన గ్రంథాలయమునకు మీరొసగిన ప్రతి అణాయు ఆ పద్దులోనిదే.