డాంగన్ కోట నుంచి దత్తమండలాల దాకా: వెలెస్లీ వంశ చరిత్ర

1800వ సంవత్సరంలో హైదరాబాదు నిజాం బళ్ళారి, అనంతపురం, కడప సీమలను, కర్నూలు సీమలో కొంత భాగాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. నాటి నుంచి ఆ ప్రాంతానికి 'దత్తమండలాలు' అన్న పేరు స్థిరపడింది. ఆ ఒడంబడికకు సూత్రధారి గవర్నర్ జనరల్ రిచర్డ్ వెలెస్లీ. సైన్యసహకార పద్ధతిని విస్తరింపజేసిన పాలకుడిగా అతడు మన పాఠ్యగ్రంథాలకు పరిచితుడే. అతడు ఐర్లండు ప్రభువన్న విషయం మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

రిచర్డ్ 1760లో జన్మించాడు. ఆ వంశానికి మీత్ మండలంలోని డాంగన్ కోట నివాసం. తాత రిచర్డ్ కాలీ 1728లో వెస్లీ అనే బంధువు ఆస్తికి వారసుడై, ఆస్తితో పాటు ఆ ఇంటిపేరునూ స్వీకరించాడు. అదే తరువాత వెలెస్లీగా మారింది. తండ్రి గారెట్, మార్నింగ్టన్ తొలి ఎర్ల్, డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో మొట్టమొదటి సంగీతాచార్యుడు. 1781లో ఆయన మరణించేనాటికి కుమారునికి మిగిలినవి బిరుదు, అప్పులు. ఇరవై ఒకటో ఏట కుటుంబభారం వహించిన రిచర్డ్ ఋణవిముక్తి కోసం పూర్వీకుల ఆస్తులను విక్రయించాడు. తమ్ములను పైకి తెచ్చే బాధ్యత తలకెత్తుకున్నాడు. 1787లో ఆర్థర్ సైన్యంలో ప్రవేశించడానికి అన్నగారి పలుకుబడే ఆధారమైంది.

1798లో రిచర్డ్ గవర్నర్ జనరల్‌గా వచ్చేనాటికి ఆర్థర్ భారతదేశంలోనే ఉన్నాడు. మరో తమ్ముడు హెన్రీ ఆంతరంగిక కార్యదర్శిగా వెంట వచ్చాడు. ఆ ఏడాదే నిజాం కంపెనీ సైన్యాన్ని పోషించడానికి అంగీకరించి, ఫ్రెంచి అధికారుల ఆధీనంలోని తన దళాలను రద్దు చేసుకున్నాడు. 1799లో శ్రీరంగపట్టణం పతనమైంది. నగర రక్షణ ఆర్థర్‌కు అప్పగించబడింది. సీనియర్ సేనానులను కాదని తమ్మునికి పెద్దపీట వేశాడన్న విమర్శ అప్పుడే తలెత్తింది. మైసూరు యుద్ధాల ఫలితంగా 1792, 1799లలో నిజాంకు సంక్రమించిన భూభాగాలే సైన్యపు ఖర్చు కింద మరుసటి ఏడాది కంపెనీ పరమయ్యాయి.

ఇంత సాధించినా రిచర్డ్‌కు తృప్తి కలగలేదు. 1799లో అతనికి లభించిన మార్క్విస్ బిరుదు ఐర్లండు శ్రేణికి చెందినది. ఇంగ్లండు బిరుదులతో పోలిస్తే అది ఒక మెట్టు తక్కువ. బంగారు పూత పూసిన బంగాళాదుంపను తనకు ఇచ్చారని అతడు వాపోయాడు. స్వదేశీ ప్రభువుల సార్వభౌమత్వాన్ని కుదించిన వ్యక్తి తన హోదా తగ్గిందని కుమిలిపోవడం చరిత్రలోని వైచిత్రి.

అతని గృహజీవితమూ సాఫీగా సాగలేదు. ఫ్రెంచి వనిత హయసింత్‌తో అతనికి ఐదుగురు సంతానం కలిగిన తరువాతనే, 1794లో, వివాహం జరిగింది. ఆమె భారతదేశానికి రానేలేదు. వారి కుమార్తె ఆన్, మన గవర్నర్ జనరల్ విలియం బెంటింక్ తమ్ముడు చార్లెస్‌ను పెండ్లాడింది. రెండవ ఎలిజబెత్ రాణి ఆ దంపతుల సంతతిలోనిదే. ఐర్లండు రాజప్రతినిధిగా ఉన్న కాలంలో, 1825లో, రిచర్డ్ అమెరికాకు చెందిన కాథలిక్ వితంతువు మేరియన్‌ను వివాహమాడాడు. కాథలిక్కులకు సమాన హక్కులుండాలని అతని అభిమతం. 1828లో వెలింగ్టన్ డ్యూక్‌గా ప్రఖ్యాతుడైన ఆర్థర్ ప్రధానమంత్రి కాగా, ఈ విషయంలో తమ్మునితో ఏకీభవించలేక రిచర్డ్ పదవిని త్యజించాడు. మరుసటి ఏడాది ఆ హక్కుల శాసనాన్ని ఆమోదింపజేసినవాడు ఆ తమ్ముడే! రిచర్డ్ 1842లో కన్నుమూశాడు.

ఇంటిపేరు వారసత్వంగా పొందిన ఒక కుటుంబం అదృష్టాన్వేషణలో మన నేలకు ఒక పేరు మిగిల్చిపోయింది. ఆ ఒడంబడికలో సీమ ప్రజల ప్రమేయం ఏమీ లేదు. ఎవరో ఎవరికో ఇచ్చివేశారన్న అర్థం ఆ పేరులోనే ఉన్నది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు 'రాయలసీమ' అన్న పేరును ప్రతిపాదించారు. 128 ఏళ్ళ తరువాత ఆ సీమ తన పేరును తానే ఎంచుకున్నది.